పందికొక్కు పనితనం

పంటకు చేటు చేసేదాన్ని మెచ్చుకోవడానికి రైతుకు మనసొప్పదు. అయినా సూర్యలంక సముద్రతీరపు ఇసుక మొదలయ్యేదాకా పరుచుకున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో, వరిచేను గట్టును తొలిచి చిన్న పందికొక్కు కట్టుకున్న కలుగును చూస్తే శభాష్ అనక తప్పదు.

ముందు పనిముట్టు సంగతి. ముందరి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పంటికి ముందువైపు నారింజరంగు గట్టి పింగాణీ పొర, వెనకవైపు మెత్తటి భాగం. కొరికేకొద్దీ వెనకవైపు ఎక్కువ అరుగుతుంది, కొన ఉలిలా పదునుగా నిలుస్తుంది. విడిగా సానపట్టే పనే లేదు.

ఇక కలుగు. నోటి దగ్గర తాజా మట్టి కుప్ప ఉందంటే లోపల కాపురం ఉన్నట్టే. లోపలికి వెళ్లాక నోటిని మట్టితో పూడ్చేసుకుంటుంది. అక్కణ్ణించి సొరంగం కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. ఒకచోట చీల్చిన గడ్డి పరిచి పిల్లల గది, మరోచోట కోసి తెచ్చిన వరి వెన్నులు కుక్కిన గదులు. వీటికి తోడు తప్పించుకునే దారి ఒకటి. దాని కొసన నేల పైపొరను పల్చగా వదిలేస్తుంది. పైనుంచి చూస్తే చదును నేలే. ఆపద వస్తే ఒక్క తోపుతో బయటపడుతుంది.

గింజలు దాచే తీరు అన్ని జంతువులకూ ఒకటి కాదు. అమెజాన్ అడవుల్లో అగూటి అనే మూషికజాతి జంతువు గింజలను ఒక్కొక్కటిగా వేర్వేరు చోట్ల పాతిపెడుతుంది. తిరిగి తవ్వుకోనివాటిలో కొన్ని మొలిచి చెట్లవుతాయి. మన పందికొక్కు అలా చల్లదు, కలుగులోనే కూడబెడుతుంది. వరి పొట్ట, ఈనిక దశల్లోనే పిల్లలూ ఎక్కువ. అందుకే పంటకు అంత నష్టం.

ఈ కట్టడం గుట్టు బాగా ఎరిగినవాళ్లు ఎలుకలు పట్టే యానాది గిరిజనులు. ముందు గట్టంతా వెతికి దొంగదారులు మూస్తారు. అడుగున చిల్లి ఉన్న కుండలో గడ్డి కూరి రాజేసి, కుండ మూతిని కలుగు నోటికి ఆనించి, చిల్లిలోంచి ఊదుతారు. పొగ మూలమూలకూ పాకుతుంది. ఆనక తవ్వితే ఎలుకా దొరుకుతుంది, అది దాచిన ధాన్యమూ దొరుకుతుంది. ఒక్క దారి మూయడం మరిచినా శ్రమంతా వృథా.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు గట్లు సన్నగా చెక్కమనేదీ ఇందుకే. ఇన్ని గదులకూ దారులకూ వెడల్పాటి గట్టు కావాలి. సన్నటి గట్టులో ఎంత పనిమంతుడికైనా ఇల్లు కట్టే చోటుండదు.