ఫ్లాటులో కుట్టు పడవ

ఉద్దానంలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి విశాఖకో హైదరాబాదుకో వెళ్లి స్థిరపడిన మనవాళ్లు చాలామంది సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్లలో కాపురం ఉంటారు. అక్కడ స్కేలు నమూనాలు చేస్తానంటే ఇంట్లోవాళ్లు ముందు అడిగేది "ఎక్కడ పెడతావు?" అనే. న్యాయమైన ప్రశ్న. బల్ల కొనే ముందు స్కేలు తేల్చుకుంటే సగం జవాబు దొరికినట్టే.

టామియా కంపెనీవారి ప్లాస్టిక్ కిట్ల ట్యాంకులూ విమానాలూ ఎక్కడికీ పోవు. ఉద్దానంవాళ్లు ముందు చేయాల్సింది కుట్టు పడవ. ఒడిశా నుంచి తమిళ తీరం దాకా అలల్లో తిరిగిన ఈ పడవకు మేకు లేదు, లోపల చట్రమూ లేదు. పలకల అంచులకు బెజ్జాలు వేసి, సందుల మీద గడ్డో పీచో అదిమి, కొబ్బరి తాడుతో బిగించి కుట్టేవారు. అల ఎత్తి ఇసుక మీద పడేసినా పలకలు కాస్త వంగి దెబ్బను కాచుకునేవి. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడల నుంచి మనుషుల్నీ సరుకునూ ఒడ్డుకు చేర్చినవి ఇవే. తెల్లవాళ్లు వీటిని మసూలా బోట్లు అన్నారు. ఇప్పుడు ఎటు చూసినా ఫైబర్ బోట్లే.

ఒకటికి ఇరవై అయిదు స్కేలు తీసుకోండి. 9 మీటర్ల పడవ 36 సెంటీమీటర్లవుతుంది, అటక మీద ఇమిడిపోతుంది. 25 మిల్లీమీటర్ల పలక 1 మిల్లీమీటరుకు దిగుతుంది, అంటే వెనీరు చెక్క సరిపోతుంది. 10 మిల్లీమీటర్ల తాడు 0.4 మిల్లీమీటరు. ఆ తాడు బజారులో దొరకదు, చేసుకోవాలి. కొబ్బరి పీచులో సన్నటి పోగులు రెండు ఏరి, తడిపి, తొడ మీద అరచేత్తో పురి పెట్టాలి. ఇంట్లో తాడు పేనడం తెలిసిన పెద్దలుంటే అడిగి నేర్చుకోండి. పలకను వేణ్నీళ్లలో నానబెట్టి వంచి, ఆరేదాకా బట్టల క్లిప్పులతో పట్టి ఉంచాలి. బెజ్జాలకు చేతి డ్రిల్లు చాలు. బెజ్జం అంచుకు మరీ దగ్గరైతే కుట్టు బిగించేటప్పుడు చెక్క చీలుతుంది.

చోటు సంగతికొస్తే, కంసాలి పనిచోటు చూడండి. నేల మీద కూర్చుని, చేయి చాపినంత మేరలో పనిముట్లన్నీ పెట్టుకుంటాడు. మనకూ ఒక వెడల్పాటి పీట, దాని మీద కటింగ్ మ్యాట్, పక్కన అంచున్న పళ్లెం ఉంటే చాలు. పని ముగిశాక మొత్తం మంచం కిందికి తోసేయవచ్చు. ఒళ్లో పాత పంచె పరుచుకుంటే జారిన ముక్క నేలపాలు కాదు. కుడిచేతివాటం వాళ్లకు వెలుగు ఎడమ నుంచి రావాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో బ్లేళ్లకు కొబ్బరినూనె రాసి డబ్బాలో పెట్టకపోతే వారంలో తుప్పే. ప్లాస్టిక్ కిట్లతో వచ్చే థిన్నరు కంపు, స్ప్రే పొగ ఇక్కడ లేవు. ఈ పడవకు రంగే అక్కర్లేదు. చంటిపిల్లలున్న ఇంట్లో అది చిన్న సంగతి కాదు.

ఫోటోలో పడవ ఆకారం తెలుస్తుంది గాని, ఏ పలక ముందు కుట్టారో, ముడి లోపల పడిందో బయట పడిందో తెలియదు. నమూనా చేసేవాడికి అది తెలియక తప్పదు. అందుకే ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు టేపు వెంట తీసుకెళ్లండి. తోటలోనో రేవు ఒడ్డునో పాత కుట్టు పడవ చెక్కలు కనిపిస్తే పొడవు, వెడల్పు, పలక మందం, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య దూరం రాసుకోండి. కుట్టిన పెద్దలు ఉంటే పక్కన కూర్చుని అడగండి. ఆ చెక్కలు పొయ్యిలోకి పోకముందే ఆ పని కానివ్వండి.