తులసికోటలో తాళపుచెవి

పొరుగూరికి పోవునప్పుడు ఇంటికి తాళము వేసి, తాళపుచెవిని తులసికోట గూటిలోనో ద్వారబంధము పైననో దాచి వెళ్ళుట మన పల్లెలలో పరిపాటి. ఆలస్యముగా వచ్చు కొడుకునకు అది అందవలెనని ఇంటివారి ఉద్దేశము. దొంగకు అందరాదనుటయు వారి ఉద్దేశమే. కాని తులసికోటకు ఈ ఉద్దేశములు తెలియవు. గూటిలో చేయి పెట్టినవాడు కొడుకైనను దొంగయైనను దానికి ఒక్కటే.

పాశ్చాత్య దేశములలో ఈ పనికి గుమ్మము ముందు కాళ్ళు తుడుచుకొను పట్టా ఉపయోగపడును. ఆ అలవాటునే పేరుగా పెట్టుకొని 2015 జులైలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుండి ఒక నివేదిక వెలువడినది. దాని పేరు ‘కీస్ అండర్ డోర్‌మ్యాట్స్’, అనగా ‘పట్టా క్రింది తాళపుచెవులు’. వ్రాసినవారు 15 మంది. విట్‌ఫీల్డ్ డిఫీ, రొనాల్డ్ రివెస్ట్, రాస్ ఆండర్సన్, సూసన్ లాండౌ, మాట్ బ్లేజ్, బ్రూస్ ష్నయర్ మొదలైనవారు అందులో కలరు. నేటి గూఢలిపి శాస్త్రమునకు పునాదులు వేసినవారును, దానిలోని లోపములను వెదకి పట్టినవారును ఒకేచోట సంతకము చేసిన పత్రమిది. వెలువడి పది సంవత్సరములు దాటినది కనుక, దీని వాదములో ఏది నిలిచినదో, ఎక్కడ కొరత ఉన్నదో ఇప్పుడు నిదానముగా చూడవచ్చును.

కోరిక ఏమిటి?

2014 అక్టోబరులో అమెరికా నేరపరిశోధక సంస్థయైన ఎఫ్.బి.ఐ. అధిపతి జేమ్స్ కోమీ వాషింగ్టనులో ఒక ఉపన్యాసము చేసినారు. న్యాయాధిపతి వారంటు ఇచ్చినను నేరస్థుని ఫోనులోని సమాచారమును చదువుటకు వీలు లేకుండ పోవుచున్నదని ఆయన ఆవేదన. 2015 జనవరిలో బ్రిటిషు ప్రధానమంత్రి డేవిడ్ కామెరాన్ కూడ ఇదే ధోరణిలో మాట్లాడినారు. తాళములు ఉండవచ్చును, కాని అవసరమైనప్పుడు అధికారులు లోపలికి వచ్చుటకు ఒక ప్రత్యేక మార్గము కూడ ఉండవలెను అనునది ఈ కోరిక సారాంశము.

ఈ కోరికను తేలికగా త్రోసివేయరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఫోనులోని నాలుగు మాటలు తెలియుట, తెలియకపోవుట ప్రాణసమానమైన విషయము. నివేదికకర్తలును పోలీసుల సదుద్దేశమును శంకించలేదు. వారి ప్రశ్న ఇంజనీరు వేయు ప్రశ్న: అట్టి మార్గమును కట్టుట సాధ్యమా? కట్టినచో దానిలో నుండి ఎవరెవరు నడచిపోగలరు?

తాళము పనిచేయు తీరు

ఈ ప్రశ్న అర్థమగుటకు తాళము సంగతి కొంత తెలియవలెను. పూర్వపు గూఢలిపిలో పంపువానికిని అందుకొనువానికిని ఒకే తాళపుచెవి ఉండెడిది. దానిని ముందుగా రహస్యముగా చేరవేయుటయే పెద్ద చిక్కు. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనువారు ఈ చిక్కును విడదీసినారు. మరుసటి సంవత్సరము రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ అను మువ్వురు పెద్ద సంఖ్యల కారణాంకములను కనుగొనుటలోని కష్టము ఆధారముగా మరియొక పద్ధతిని కల్పించినారు.

ఈ రెండవ పద్ధతిని తాళపుకప్పతో పోల్చవచ్చును. ఒకడు తన తాళపుకప్పలను తెరచియుంచి ఊరంతటికి పంచిపెట్టినాడనుకొనుడు. తాళపుచెవి మాత్రము తనయొద్దనే ఉంచుకొన్నాడు. అతనికి ఉత్తరము వ్రాయదలచినవారు దానిని పెట్టెలో పెట్టి ఆ కప్పను నొక్కివేయుదురు. నొక్కుటకు ఎవరైనను చాలుదురు. తెరచుటకు అతడొక్కడే సమర్థుడు. పెట్టెను మోసుకొనిపోవు బంట్రోతుకు లోపలిది కనబడదు. నేడు వాట్సాప్, సిగ్నల్ వంటివానిలో ఆ సంస్థ బంట్రోతు వంటిది. అంతేకాదు, ఇట్టివానిలో తాళము మాటిమాటికి మారుచుండును. పని తీరిన తాళపుచెవి వెంటనే నశించును. రేపు ఫోను దొంగ చేతిలో పడినను, నిన్న దారిలో పట్టి దాచుకొన్న పెట్టెలు దానితో తెరచుకొనవు.

నివేదిక వాదము

నివేదికలోని వాదము మూడు మెట్లుగా సాగును. పాత తాళపుచెవులను నశింపజేయుట నేటి భద్రతకు ముఖ్యసూత్రము. అధికారుల కొరకు వానిని నిలువచేయవలెననిన ఆ సూత్రమును విడువవలెను. ఇది మొదటి మెట్టు. రెండవది, యంత్రములో భాగములు పెరిగినకొలది తప్పులు పెరుగును. అధికారుల మార్గము అట్టి క్రొత్త భాగము. పైగా అది రహస్యముగా పనిచేయవలెను కనుక పదిమంది పరీక్షించి సరిదిద్దుటకు వీలుండదు. మూడవది, కోట్లమంది తాళపుచెవులు ఒకచోట చేరినచో లోకములోని దొంగలందరి కన్ను ఆ ఒక్క గదిమీదనే పడును.

ఈ వాదము ఊహాగానము కాదనుటకు చరిత్రయే సాక్ష్యము. 1993 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వము ‘క్లిప్పర్’ అను చిప్పును ప్రకటించినది. టెలిఫోను సంభాషణలను అది 80 బిట్ల తాళముతో బంధించును. అనగా 2ను 80 మారులు వేసి గుణింపగా వచ్చునన్ని తాళపుచెవులు, 1 ప్రక్కన 24 సున్నలకు మించిన సంఖ్య. కాని ప్రతి చిప్పుయొక్క మారు తాళపుచెవి రెండు ముక్కలై రెండు ప్రభుత్వ శాఖలయొద్ద ఉండును. ప్రతి సంభాషణతోను ప్రభుత్వము కొరకు 128 బిట్ల చీటీ ఒకటి పోవును. ఆ చీటీ సరియైనదో కాదో చూచుటకు అందులో 16 బిట్ల తనిఖీ సంఖ్య ఉండును.

1994లో బెల్ ప్రయోగశాలలోని మాట్ బ్లేజ్ ఈ తనిఖీ సంఖ్యపై దృష్టి పెట్టినాడు. 16 బిట్లనగా 65,536 అవకాశములు మాత్రమే. ఏవో దొంగ చీటీలను వరుసగా ప్రయత్నించుచు పోయినచో ఒకటి తప్పక సరిపడును. ఒక్కొక్క ప్రయత్నమునకు 38 మిల్లీసెకన్లు పట్టినవి. విద్యార్థులు ఈ రెండు సంఖ్యలను గుణించి చూడవచ్చును. సుమారు 42 నిమిషములు వచ్చును. అంతటితో ప్రభుత్వపు తాళమును ప్రభుత్వమునకు చిక్కకుండ వాడుకొనుటకు దారి ఏర్పడినది. ఎవరిని పట్టుటకు చిప్పు చేయబడినదో వారే తప్పించుకొనగలరు. ఏ తప్పు చేయని సామాన్యుని తాళపుచెవి మాత్రము ప్రభుత్వ శాఖలలో ఉండును. 1996 నాటికి ఈ పథకము మూలబడినది.

నివేదిక ఉదహరించిన గ్రీసు దేశపు ఉదంతము ఇంకను గంభీరమైనది. అక్కడి ఒక టెలిఫోను సంస్థ యంత్రములలో, చట్టము ప్రకారము సంభాషణలు వినుటకు ఉద్దేశించిన భాగము ఒకటి ఉండెను. 2004, 2005 సంవత్సరములలో ఎవరో దానిలో రహస్యముగా ప్రవేశించి, ప్రధానమంత్రితో సహా సుమారు నూరుమంది ఫోనులను నెలల తరబడి విన్నారు. రాజు కొరకు కట్టిన సొరంగములో రాజునే పట్టుటకు వచ్చినవారు నడచినారన్నమాట.

నివేదికలోని కొరతలు

ఇంత బలమైన పత్రములోను లోపములు లేకపోలేదు. మొదటిది దాని పేరే. పట్టా క్రింద తాళపుచెవి అనగానే అజాగ్రత్త స్ఫురించును. మేము పట్టా క్రింద ఉంచము, ఇనుపపెట్టెలో ఉంచి ఇద్దరు అధికారులను కాపలా పెట్టుదుము అని ప్రభుత్వము సులభముగా బదులు చెప్పగలదు. నివేదికయొక్క అసలు వాదము అజాగ్రత్తపై ఆధారపడినది కాదు. ఎంత జాగ్రత్తగా దాచినను ఆ తాళపుచెవి ఒక్క ఇంటిది కాదు, దేశములోని ఇండ్లన్నిటిది. దొంగిలించుటకు పడు శ్రమ ఎంతయైనను గిట్టుబాటగును. ఈ సంగతి లోపలి పుటలలో ఉన్నది గాని పేరులో లేదు. పేరు మాత్రమే వినువారు అసలు వాదమును తెలియకయే పోవుదురు.

రెండవ లోపము పెద్దది. పోలీసులు తమ పథకమును వివరముగా చూపినగాని చర్చ సాగదని నివేదిక పట్టుబట్టును. అది న్యాయమే. కాని తాళము తీయకుండ దర్యాప్తు ఎట్లు నడుపవలెనో ఇందులో తగినంత చెప్పలేదు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడినారను జాబితా, సాక్షులు, ఫోనునే స్వాధీనపరచుకొనుట మొదలైన మార్గములను వరుసగా తూచి చూపియుండవలసినది. వైద్యుడు ఫలానా మందు ప్రాణాంతకమని చెప్పి ఊరకొన్నచో రోగికి సగము సహాయమే జరిగినట్లు.

మన దేశములోని సందర్భము ఈ లోపమును బాగుగా తెలుపును. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామములో, పిల్లలను ఎత్తుకొనిపోవువారను వదంతి నమ్మి జనము ఐదుగురు నిర్దోషులను కొట్టి చంపినారు. ఇట్టి వదంతులు వాట్సాప్ ద్వారా వ్యాపించుచుండెను. వదంతిని మొదట పుట్టించినదెవరో తెలియవలెనని ప్రజలు కోరుట సహజము. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనలు ఈ కోరికకు రూపమిచ్చినవి. న్యాయస్థానమో అధికారము గల ప్రభుత్వాధికారియో ఆజ్ఞాపించినప్పుడు, తీవ్రమైన నేరములలో సందేశమును మొదట పంపినవానిని పెద్ద సంస్థలు గుర్తింపగలిగియుండవలెనని వాని తాత్పర్యము. సందేశములోని విషయమును చెప్పనక్కరలేదని కూడ అందు కలదు. అదే సంవత్సరము మే నెలలో వాట్సాప్ సంస్థ దీనిని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసినది.

ఇక్కడ శాస్త్రము అడుగు ప్రశ్న సూటియైనది. ఏ సందేశము రేపు నేరమునకు దారితీయునో నేడు తెలియదు. కనుక మొదటివానిని గుర్తింపవలెనన్నచో అందరి సందేశములకును ముందే గుర్తు వేసి ఉంచవలెను. ఒక దొంగను పట్టుటకై ఊరిలోని ప్రతి అడుగుజాడను అచ్చుపోసి దాచినట్లు. పైగా ఒకడు ఆ మాటలనే తిరిగి టైపు చేసి పంపినచో అది క్రొత్త సందేశమగును. గుర్తు అక్కడితో తెగును.

మరి వదంతులకు మందు లేదా? 2018లోనే తెలంగాణలోని గద్వాల జిల్లా పోలీసులు ఊరూరికి పోయి, గ్రామస్థులను కూర్చుండబెట్టి, డప్పులతో పాటలతో ఈ సందేశములు అబద్ధములని నచ్చజెప్పినారు. వాట్సాప్ సంస్థయు ఆ సంవత్సరమే మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదుగురికి మించి పంపుటకు వీలులేకుండ చేసినది. ఈ రెండింటిలోను ఎవరి తాళమును తీయలేదు. ఇట్టి ఉపాయములను వెదకి తూచు పనిని నివేదిక ఇతరులకు విడిచిపెట్టినది.

కాలము పెట్టిన పరీక్ష

అయినను ప్రధాన వాదమును కాలము గట్టిపరచినది. అమెరికాలో 1994 నాటి చట్టము ప్రకారము టెలిఫోను సంస్థలు పోలీసులు వినుటకు తగిన ఏర్పాటు చేయవలసియున్నది. 2024లో, చైనా ప్రభుత్వముతో సంబంధముగల చొరబాటుదారులు పలు టెలిఫోను సంస్థలలో ప్రవేశించినారని, కోర్టు ఆజ్ఞలమీద పోలీసులు కోరిన సమాచారములో కొంత భాగమును కూడ నకలు తీసుకొన్నారని ఆ సంవత్సరము నవంబరులో అమెరికా అధికారులే ప్రకటించినారు. తాళము వేసిన సందేశములనే వాడుకొనుడని డిసెంబరులో ప్రభుత్వ సంస్థయే సలహా ఇచ్చినది. పది సంవత్సరములకు ముందు తాళములవలన చీకటి క్రమ్మినదని వగచిన ప్రభుత్వము, అదే తాళములను ఆశ్రయింపుమని చెప్పవలసివచ్చినది. నివేదికకు ఇంతకంటె గొప్ప యోగ్యతాపత్రము అక్కరలేదు.

మన దేశములో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి వ్యాజ్యములో, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ హక్కుకు హద్దులు లేకపోలేదు. కాని హద్దు పెట్టువారు చట్టము చూపవలెను, న్యాయమైన ప్రయోజనము చూపవలెను, ఆ ప్రయోజనమునకు మించిన నష్టము లేదని చూపవలెను. ఈ మూడవ షరతుకు న్యాయశాస్త్రమొక్కటే చాలదు, లెక్క కూడ కావలెను. ఒక్క నేరస్థుని తలుపు తెరచుటకు ఎన్ని కోట్ల తలుపులు బలహీనమగునో చెప్పగలవాడు గణితము తెలిసినవాడే. నివేదిక విలువ ఇక్కడ ఉన్నది. రాజకీయ వాదముగా వినబడు ప్రశ్నలో పరీక్షింపదగిన శాస్త్రభాగమును అది విడదీసి చూపినది.

ఉన్నత పాఠశాలలో ఘాతములు, కారణాంకములు నేర్చిన విద్యార్థికి ఇందలి ముఖ్యాంశములు అందును. ఉపాధ్యాయులు ‘భద్రత కావలెనా, గోప్యత కావలెనా’ అని తరగతిలో వాదము పెట్టుదురు. దానికంటె ముందు ఒక ప్రశ్న వేయించుట మేలు: ఈ తాళపుచెవి ఎన్ని ఇండ్లది, అది పోయినచో ఎవరికి తెలియును, ఎప్పుడు తెలియును? గ్రీసులో అది తెలియుటకు నెలలు పట్టినది. తులసికోటలోని తాళపుచెవి పోయినచో ఇంటివారికి ఆ సాయంకాలమే తెలియును.