గ్లాసెడు నీళ్లు, గరిటెడు అన్నం

పరగడుపున వేణ్ణీళ్లు తాగితే కొవ్వు కరుగుతుందన్న మాట మన ఇళ్లలో బాగా నాటుకుపోయింది. జిడ్డు గిన్నెను వేడినీళ్లతో తోమినట్టు కడుపులోనూ ఏదో జరుగుతుందని జనం ఊహ. ప్రకృతి వైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారి పుణ్యమా అని లేవగానే లీటరుంపావు నీళ్లు పట్టించే అలవాటు తెలుగునాట చాలామందికి అబ్బింది. మా వదినదీ ఆ బాపతే. "కాస్త నిమ్మకాయ పిండి, తేనె వేసుకో వదినా, నెలలో నడుం తగ్గకపోతే నన్నడుగు" అంటుంది. తాగిన నీళ్లు పేగుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణించి మూత్రపిండాలకు పోతాయి. దారిలో కొవ్వును కడుక్కుంటూ పోయే ఏర్పాటేమీ లేదు. పైగా చిన్న చెంచాడు తేనెకు 20 కేలరీలు లాభం.

నిజానికి వ్యవహారం తలకిందులు. కొవ్వు కరిగితే నీళ్లు పుడతాయి. 2014లో ఆస్ట్రేలియాలో ఇద్దరు ఈ లెక్క కట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేశారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతాయి. మిగతా 1.6 కిలోలు నీరవుతాయి.

ఇక చన్నీళ్ల పక్షం వాళ్లున్నారు. చల్లటి నీళ్లను వెచ్చబెట్టడానికి ఒళ్లు కేలరీలు ఖర్చుపెడుతుందని వాళ్ల వాదన. అబద్ధం కాదు. 2003లో బెర్లిన్‌లో 14 మందికి అరలీటరు నీళ్లు తాగించి చూస్తే శరీరం శక్తిని ఖర్చుచేసే వేగం 30 శాతం పెరిగిందన్నారు. మూడేళ్లకు స్విట్జర్లాండ్‌లో మళ్లీ చూస్తే మామూలు నీళ్లకు ఏ మార్పూ లేదు, బాగా చల్లటి నీళ్లకు మాత్రం కొద్దిగా కనిపించింది. ప్రయోగశాల దాకా ఎందుకు, ఫ్రిజ్‌లోని అరలీటరు నీళ్లు ఒంటి వేడికి రావాలంటే 16 కేలరీలు చాలు. సగం ఇడ్లీ కూడా అరగదు.

మరి నీళ్లవల్ల బరువు తగ్గదా అంటే, తగ్గుతుంది, వేళ చూసి తాగితే. అమెరికాలోని వర్జీనియాలో 55 ఏళ్లు దాటినవాళ్లను రెండు జట్లు చేసి, అందరికీ తిండి తగ్గించి, ఒక జట్టుకు మాత్రం ప్రతి భోజనానికీ ముందు అరలీటరు నీళ్లిచ్చారు. 12 వారాలకు ఆ జట్టు రెండో జట్టు కంటే సుమారు 2 కిలోలు ఎక్కువ తగ్గింది. 2015లో బర్మింగ్‌హామ్‌లో ఇలాగే అరగంట ముందు తాగించి చూస్తే 1.3 కిలోల తేడా వచ్చింది. అద్భుతమేమీ కాదు, అలాగని కొట్టిపారేసేదీ కాదు. కుర్రకారుకు మాత్రం ఈ కిటుకు అంతగా పారదు. నీళ్లు వాళ్ల కడుపులో నిలవకుండా చప్పున దిగిపోతాయి.

ఈ వేళల సంగతి ఆయుర్వేదంలోనూ ఉంది. అష్టాంగహృదయంలో వాగ్భటుడు భోజనానికి ముందు నీళ్లు తాగేవాడు చిక్కుతాడనీ, మధ్యలో తాగేవాడు సమంగా ఉంటాడనీ, చివర తాగేవాడు లావెక్కుతాడనీ చెప్పాడు. అయితే మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టేశారని మీసం మెలేయనక్కర్లేదు. ఆయన మెచ్చుకున్నది మధ్యలో తాగేవాణ్ణే. చిక్కిపోవడం ఆయన దృష్టిలో బహుమానం కాదు.

నేను మాత్రం ముందు తాగే పక్షం. కుక్కర్‌లో ఆవిరి దిగేలోపు, పోపు వేగుతుండగా, పక్కన స్టీలు చెంబు పెట్టుకుని గుక్కగుక్కగా తాగుతాను. గటగటా పోసుకుంటే పొట్ట బుడబుడలాడడమే మిగులుతుంది. మొదటి వడ్డనలో తేడా ఏమీ ఉండదు, పప్పన్నం పప్పన్నంలాగే సాగుతుంది. పెరుగులోకి అన్నం పెట్టుకునేటప్పుడు తెలుస్తుంది. చెయ్యి దానంతటదే అరగరిటె దగ్గర ఆగిపోతుంది. ఆ అరగరిటే నా లాభం. వేడన్నం, గోంగూర పచ్చడి, నెయ్యి ఉన్న రోజున మాత్రం చెంబెడు కాదు, బిందెడు తాగినా ఈ సూత్రం పనిచేయదు.

ఇంతకంటే సులువైన లాభం ఇంకోటుంది. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 26 గ్రాముల చక్కెర, అంటే 100 కేలరీల పైమాటే. దాని బదులు నీళ్లు తాగితే అవి మొత్తం మిగిలినట్టే. ఆఫీసులో నాలుగో టీ సంగతీ అంతే. అయితే గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఇవేవీ నెత్తికెత్తుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లైనా పంతానికి లీటర్లకు లీటర్లు ఒక్కసారే తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం 1999 నాటి పెన్సిల్వేనియా ప్రయోగం. అదే కోడిమాంసం, అవే కూరగాయలు, అదే బియ్యం. ఒకరోజు వాటి పక్కన గ్లాసెడు నీళ్లు పెట్టారు. ఇంకోరోజు ఆ నీళ్లనే అందులో పోసి సూప్ కాచారు. సూప్ తాగినరోజు ప్రయోగంలో పాల్గొన్న ఆడవాళ్లు ఆ తర్వాతి భోజనంలో 100 కేలరీలు తక్కువ తిన్నారు. పక్కన పెట్టిన నీళ్లకు ఆ ఫలితం రాలేదు. ఇది చదివినప్పుడు నాకు చారే గుర్తొచ్చింది. మనతో చిక్కేమిటంటే, చారు బాగా కుదిరిందని దానికోసం మరో గరిటె అన్నం కలుపుతాం. అందుకే మిరియాల చారు కాచినరోజు నేను కంచం ముందు కూర్చోకముందే గ్లాసులో పోసుకుని తాగేస్తున్నాను. మావారు మాత్రం అన్నంలో పోసుకుని జుర్రుకోనిదే అది చారే కాదంటారు.