ముందు చెవి, తర్వాతే కన్ను

నెల్లిమర్లలో ఇప్పుడు ఫోనున్న ప్రతివాళ్లూ వీడియో తీస్తున్నారు. అయినా చీరల కొట్టువాళ్లు, వంటల ఛానల్ పెట్టుకున్న ఆడవాళ్లు, రామతీర్థంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు డబ్బిచ్చి మరీ వీడియోగ్రాఫర్ని పిలుస్తారు. ఆ పనితనమంటే నాకెంతో గౌరవం.

పని తెలిసినవాడు వస్తూనే కెమెరా తీయడు. ఫ్యాను ఆపిస్తాడు. హెడ్‌ఫోన్ పెట్టుకుని గదిలో మోత వింటాడు. చిన్న మైకుని బట్ట రాపిడి తగలకుండా ప్లాస్టరుతో పైట చాటున అంటిస్తాడు. ట్యూబులైటు వెలుగైతే షట్టరు సెకనులో 50వ వంతుకు పెడతాడు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది మరి, లెక్క తప్పితే బొమ్మ మినుకుమంటుంది.

కెమెరా చూసి బిగుసుకుపోయిన పెద్దావిడని, ‘అమ్మా, పులుసులోకి చింతపండు ఎంతన్నారు?’ అని మాటల్లో పెడతాడు. ఆవిడ తేరుకుని నవ్వేసరికే రికార్డింగు నడుస్తూ ఉంటుంది. ఈ ఒడుపు ఏ కోర్సులోనూ దొరకదు.

ఇంట్లో పని ఒక ఎత్తు, జాతరలో పని మరో ఎత్తు. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. సిరిమాను చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. అంత జనంలో రెండో టేకు ఉండదు, అందుకే ఏ మేడమీద నిలబడాలో ముందే చూసుకుంటారు. తీసినదాన్ని ఆ రాత్రే నిలువు ముక్కలుగా కత్తిరించి, అక్షరదోషాల్లేని తెలుగు టైటిళ్లతో పంపాలి. క్లయింటేమో ‘బావూ, ఇంకొక్క మార్పు’ అంటూనే ఉంటాడు.

పని ఒప్పుకున్నప్పుడే మార్పులెన్నో, అడ్వాన్సెంతో కాగితం మీద పెట్టుకునేవాళ్లంటే నాకు మరీ ఇష్టం.