విప్పేటప్పుడే మొదలయ్యే బిగింపు

స్టీరింగుకూ ముందు చక్రాలకూ మధ్య ఉండే భాగాల్లో కంటికి అతి తక్కువ కనిపించేది, దెబ్బలు మాత్రం బాగా తినేది రాక్ ఎండ్. స్టీరింగు కడ్డీ అడుగున చిన్న పళ్ల చక్రం తిరిగితే, దాని కింద అడ్డంగా ఉన్న పళ్ల కడ్డీ కుడికో ఎడమకో జరుగుతుంది. మెకానిక్కులు రాక్ అనేది దాన్నే. దాని రెండు కొసలకీ మరలతో బిగించి ఉండేవి రాక్ ఎండ్లు. వాటి అవతలి కొసన టై రాడ్ ఎండ్, అక్కణ్ణుంచి చక్రం. 1983లో రోడ్డెక్కిన మారుతి 800 మొదలు ఇవాళ్టి చిన్న కార్ల దాకా ఇదే అమరిక.

రాక్ అడ్డంగా మాత్రమే జరుగుతుంది. చక్రమేమో గుంట వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఎగురుతుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది రాక్ ఎండ్‌లో ఉన్న ఉక్కు గుండు. మన తుంటి కీలులాగా అది గిన్నెలో కూర్చుని ఎటు వంచితే అటు వంగుతుంది. దానిమీద ముడతలు ముడతలుగా రబ్బరు బూటు. బూటు చిరిగిందా, వానాకాలం బురద నీళ్లు లోపలికి చేరి, గ్రీజు కొట్టుకుపోయి, గుండుకు తుప్పు పట్టి గిన్నె అరుగుతుంది. అప్పుడు మొదలవుతుంది గతుకుల్లో టకటక చప్పుడు, టైర్లు ఒకవైపే అరగడం, స్టీరింగు అందుకోవడంలో ఆలస్యం.

ఈ ఎండ్లు మార్చడం షెడ్డులో అయితే మామూలు పనే. లిఫ్టు లేకుండా, ఇంటి ముందు సిమెంటు గచ్చుమీద, మా బావగారు చేస్తుంటే పక్కన కూచుని చూసినప్పుడు మాత్రం అది మామూలుగా అనిపించలేదు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. బస్సులకు రాక్ ఉండదు. ముందు ఇరుసు వెంబడి చక్రం నుంచి చక్రానికి ఒకటే పొడుగు కడ్డీ, దానికి రెండు ఎండ్లు. చేతివాటం అక్కడ నేర్చుకున్నదే. కారుకు తగ్గట్టు దాన్ని మెత్తబరుచుకున్నారు, అంతే.

ముందు రోగం ఎక్కడుందో తేల్చారు. జాకీ ఎత్తి, చక్రాన్ని గడియారంలో తొమ్మిదీ మూడూ ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపారు. కదిలింది. తర్వాత పన్నెండూ ఆరూ దగ్గర పట్టుకుని ఊపారు. కదల్లేదు. నిలువుగానూ ఆడి ఉంటే బేరింగునో బాల్ జాయింటునో అనుమానించాలి. అడ్డంగానే ఆడింది గనుక ఎండ్లదే తప్పు. బయటి ఎండా, లోపలిదా? నన్ను చక్రం ఊపమని, తను బూటుమీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. "లోపలిదే, వేళ్లకు కొట్టుకుంటోంది" అన్నారు. అరగని దాన్ని మార్చరు ఆయన. అసలు మెచ్చుకోవలసింది ఇక్కడే మొదలవుతుంది.

కారు కిందికి దూరే ముందు చేసినవన్నీ ప్రాణానికి సంబంధించినవి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. జాకీతో ఎత్తిన బరువును ఇనుప స్టాండ్లమీదికి దించారు. ఊడదీసిన చక్రాన్ని పక్కన పారేయకుండా కారు గడప కింద పడుకోబెట్టారు. స్టాండు జారినా కారు చక్రంమీద ఆగుతుంది. "జాకీ ఎత్తడానికే గానీ మొయ్యడానికి కాదు" అనేది ఆయన మొదటి పాఠం.

ఇక విప్పడం. పానా పట్టే ముందు ఆయన చేతిలోకి వచ్చింది వైరు బ్రష్షు, తర్వాత తెల్ల పెయింటు. మరలు శుభ్రం చేసి, లాక్ నట్టుకూ కడ్డీకీ కలిపి ఒక గీత గీశారు. టై రాడ్ ఎండ్‌ను విప్పుతూ చుట్లు లెక్కబెట్టి, సుద్దముక్కతో గచ్చుమీద రాశారు. కుడివైపు లెక్క వేరు, ఎడమవైపు వేరు. అయినా ఆ లెక్కను పూర్తిగా నమ్మలేదు. కొత్త కడ్డీకి మర మొదలయ్యే చోటు పాతదానిలాగే ఉండాలని లేదు కదా! అందుకని పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పడుకోబెట్టి, గుండుకు గుండు సరిచూసి, లాక్ నట్టును సరిగ్గా అదే దూరానికి తెచ్చారు. చుట్లు ఒక సాక్ష్యం, కొలత రెండో సాక్ష్యం.

ఇంత పట్టింపు దేనికంటే లెక్కే చెబుతుంది. మర ఒక్క చుట్టుకు 1.5 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుందాం. చక్రాన్ని తిప్పే చేయి 12 సెంటీమీటర్లు ఉంటే, ఆ ఒక్క చుట్టుతో 14 అంగుళాల రిమ్ముకు ముందు అంచూ వెనక అంచూ కలిపి నాలుగు మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. టైరు ఏటవాలుగా రాసుకుంటూ అరగడానికి ఆ తేడా చాలు.

చుట్లు లెక్కబెట్టే ముందు ఊడదీయాల్సిన టై రాడ్ ఎండ్ చక్రం చేతిలో కోసుగా ఇరుక్కుని ఉంటుంది. చాలామంది చీలిక ఉలి దూర్చి కొడతారు. ఎండ్ ఊడుతుంది, దాంతోపాటు బాగున్న గ్రీజు బూటూ చిరుగుతుంది. బావగారు నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు మరలమీద ఉంచి, చేతి కన్నానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో కొట్టారు. దెబ్బ ఎండ్‌మీద కాదు, కన్నం అంచుమీద. ఆ అదురుకే కోసు పట్టు వదిలి, ఎండ్ టప్పున జారి నట్టుమీద ఆగింది. మర చెడలేదు, బూటు చెక్కుచెదరలేదు.

రాక్ ఎండ్‌ను రాక్ నుంచి విప్పడంలో అసలు నేర్పు ఉంది. చోటు ఇరుకు. దానికోసం పొడుగు గొట్టం పానా ఉంది. అయితే ఒక్క పానాతో బలంగా తిప్పితే ఆ మెలి అంతా రాక్ గుండా వెళ్లి పళ్లమీద పడుతుంది. పది రూపాయల పనికి పోయి స్టీరింగు బాక్సునే చెడగొట్టుకున్నట్టు. అందుకే రాక్‌ను ఇంకో పానాతో పట్టి ఉంచాలి. ఎక్కడ పట్టాలన్నదే ప్రశ్న. మన కార్లకు స్టీరింగు కుడివైపు గనుక పళ్లు రాక్ కుడి కొసన ఉంటాయి. ఎడమవైపుది నునుపు కడ్డీ. దాన్ని పానా కరిచిందంటే గీత పడుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగైతే ఆ గీత సీలును కోసి నూనె కార్పిస్తుంది. ఎలక్ట్రిక్‌ది అయినా బుష్షు అరుగుతుంది. అందుకని ఎడమ ఎండ్ విప్పడానికి కూడా ఆయన కుడి బూటును వెనక్కి జరిపి, స్టీరింగు తిప్పి పళ్లు బయటికి తెచ్చి, అక్కడే పట్టుకున్నారు. మడిచిన లాక్ వాషరు అంచుల్ని ఉలితో నిలబెట్టి, రెండు పానాల్నీ ఎదురెదురుగా నొక్కితే ఎండ్ కదిలింది.

బిగించడం త్వరగానే అయింది, కష్టమంతా విప్పేటప్పుడే పడ్డారు గనుక. లాక్ వాషరు కొత్తదే వేశారు. ఒకసారి మడిచిన రేకును మళ్లీ మడిస్తే విరుగుతుంది. టై రాడ్ ఎండ్ కోట నట్టులో చీలిక పిన్ను కన్నం కలవకపోతే కలిసేదాకా ఇంకాస్త బిగించారే తప్ప వెనక్కి వదల్లేదు. బూటు చిన్న నోరు కడ్డీని పట్టుకునే గాడిలో వేలికొసతో సిలికాన్ గ్రీజు రాశారు. రేపు అలైన్‌మెంటులో కడ్డీని తిప్పినప్పుడు బూటు మెలిపడకుండా అది కాపాడుతుంది. తర్వాతి మనిషి పనికోసం ఈయన తీసుకున్న జాగ్రత్త అది.

చివరికి కారు దించి, సస్పెన్షన్ సర్దుకోవడానికి ముందుకూ వెనక్కీ కాస్త తోయించారు. రెండు పక్కలా నైలాను దారాలు సమాంతరంగా లాగి, రిమ్ము అంచుల్ని స్కేలుతో కొలిచారు. ఎడమ చక్రం ఒక్క మిల్లీమీటరు తేడా చూపించింది. అయినా ఊరుకోకుండా, అలైన్‌మెంటు సెంటరుకు తీసుకెళ్లమన్నారు. దారం కొలత సెంటరు దాకా వెళ్లడానికి సరిపోతుంది, ఏళ్ల తరబడి తిరగడానికి చాలదని ఆయన మాట.

మంచి పనివాణ్ణి బిగించేటప్పుడు కాదు, విప్పేటప్పుడు చూడాలి. గీత గీసి, కొలిచి, పక్క భాగానికి దెబ్బ తగలకుండా విప్పినవాడికి బిగింపు దానంతటదే కుదురుతుంది. మీ కారు స్టీరింగు ఆడుతున్నట్టనిపిస్తే అలైన్‌మెంటుకు డబ్బు కట్టే ముందు ఎండ్లు చూపించుకోండి. ఎండ్లు లూజుగా ఉండగా చేసిన అలైన్‌మెంటు మొదటి గుంట దాకా కూడా నిలవదు.