ఎడిన్‌బర్గ్ పూటకూళ్ల ఇళ్లు

ఎడిన్‌బర్గ్ నడిబొడ్డు నుంచి దక్షిణంగా వెళ్లే బస్సు న్యూయింగ్టన్‌లో మింటో స్ట్రీట్‌కు చేరగానే రెండు పక్కలా రాతి ఇళ్లు, వాటి ముందు గదులు అద్దెకిస్తామనే బోర్డులు కనిపిస్తాయి. మేఫీల్డ్ గార్డెన్స్, గిల్మోర్ ప్లేస్, లీత్ దారిలోని పిల్‌రిగ్ స్ట్రీట్‌లోనూ ఇదే వరస. పంతొమ్మిదో శతాబ్దంలో నౌకర్లను పెట్టుకోగల కుటుంబాలు కట్టుకున్న ఇళ్లు చాలావరకు ఇవి. నౌకర్ల కాలం పోయాక అంత కొంపను వెచ్చగా ఉంచుకోవడమే భారమైంది. నాలుగు గదులు ప్రయాణికులకిచ్చి, పొద్దున్నే వండిపెట్టి, ఆ రాబడితో ఇల్లు నిలబెట్టుకోవడం అలా కుటుంబ వృత్తి అయింది. మనకిది కొత్త కాదు. ఓరుగల్లులో రూకకు కమ్మని భోజనం పెట్టిన పూటకూటి ఇంటిని క్రీడాభిరామం వర్ణించింది. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉండనే ఉంది.

1947 ఆగస్టు 24న ఇక్కడ అంతర్జాతీయ ఉత్సవం మొదలైంది. యుద్ధం ముగిసి రెండేళ్లే, తిండికి ఇంకా రేషనే. కోట మీద దీపాలు వెలిగించడానికి జనం తమ వాటా బొగ్గు ఇస్తామని ముందుకొచ్చారు. హోటళ్లు చాలక మామూలు ఇళ్లూ అతిథులకు తలుపులు తీశాయి. ఆ ఏడాదే మొదలైన ఫ్రింజ్ నాటకోత్సవం పెరిగిన కొద్దీ ఆగస్టు నెల ఈ ఇళ్లకు సుగ్గి కాలమైంది. జనవరి, ఫిబ్రవరిల్లో గదులు ఖాళీ. ఆ రోజుల్లోనే రంగులు, మరమ్మతులు.

నా దృష్టిలో ఈ వృత్తిలో అసలు విద్య పొయ్యి దగ్గరే ఉంది. ముతకగా విరిచిన ఓట్స్‌ను రాత్రే నానబెట్టి, తెల్లవారాక సన్నని సెగ మీద పెట్టి, స్పర్టిల్ అనే కర్రతో అడుగంటకుండా తిప్పుతారు. ఉప్పు వేస్తారు, చక్కెర కావాలంటే తినేవాళ్లే కలుపుకోవాలి. టాటీ స్కోన్‌కు ఉడికిన బంగాళాదుంపను వేడి మీదే మెదిపి, గోధుమపిండి, వెన్న, ఉప్పు కలిపి, పల్చగా గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలు కోసి పెనం మీద కాలుస్తారు. చల్లారిన దుంపతో చేస్తే ఒత్తేటప్పుడే విరిగిపోతుంది. బేకన్, సాసేజ్, బ్లాక్ పుడ్డింగ్ ముందే పొయ్యెక్కుతాయి. గుడ్డు మాత్రం మనిషి కుర్చీలో కూర్చున్నాకే. ఎవరు ఎన్నింటికి దిగుతారో, ఏం తినరో రాత్రే అడిగి రాసుకునేది అందుకే. శాకాహారులూ పస్తుండక్కర్లేదు. 1984లో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభోత్సవానికి ఎడిన్‌బర్గ్ మాంసం వ్యాపారులైన మాక్‌స్వీన్ కుటుంబం స్కాట్లండ్ మాంసపు వంటకం హాగిస్‌ను మాంసం లేకుండా చేసింది. ఇప్పుడది ఫలహారపు బల్లల మీద మామూలు వంటకం. పిల్లల స్నాతకోత్సవానికి విశ్వవిద్యాలయపు మాక్యూవన్ హాల్‌కు వచ్చే మన తల్లిదండ్రులు నిశ్చింతగా అడగవచ్చు.

పక్కలు మార్చడం, స్నానాల గదులు కడగడం, దుప్పట్లు ఉతికి ఆరేయడం – ఒళ్లు వంచితే తప్ప సాగని పని. దాని మీద కాగితాల పని. 2023 అక్టోబర్ 1 తర్వాత స్వల్పకాలిక బసకు లైసెన్సు తప్పనిసరి. అగ్ని భద్రత, గ్యాస్, విద్యుత్ తనిఖీలు చూపాలి. 2026 జూలై 24 నుంచి బస ఖర్చు మీద 5 శాతం సందర్శకుల పన్ను, వరసగా ఐదు రాత్రుల వరకు. గుమ్మానికి తాళం పెట్టె తగిలించి మనిషే కనబడని ఫ్లాట్లను, ఇంటిల్లిపాదీ కష్టపడే ఈ ఇళ్లను ఈ నిబంధనలు ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

అయినా చేస్తున్నారంటే దక్కేది ఉంది. ఆఫీసుకు పరుగెత్తే పని లేదు, బడి నుంచి వచ్చే పిల్లలకు అమ్మో నాన్నో ఇంట్లోనే ఉంటారు. దేశదేశాల మాటలు పిల్లల చెవిన పడతాయి. ఆర్థర్స్ సీట్ కొండ ఏ వైపు నుంచి ఎక్కితే మోకాళ్లకు తేలికో, ఏ బస్సు రాయల్ మైల్ వీధి దగ్గర దింపుతుందో చెప్పి పంపితే అతిథి సాయంత్రం వచ్చి కబుర్లన్నీ చెబుతాడు. మళ్లీ ఏడాదికి ఆ గదే కావాలని ఫలహారం దగ్గరే చెప్పి వెళ్లేవాళ్లుంటారు. ఆ బుకింగ్‌లో ఏ వెబ్‌సైటుకూ కమిషన్ కట్టనక్కర్లేదు, వచ్చే మనిషికి గుడ్డు ఎలా ఇష్టమో ముందే తెలుసు.