కాపాడేవాళ్లు వచ్చారు

జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968)లో ఒంటి రంగు గురించి ఎవరూ ఒక్క మాటా అనరు. జోర్డన్ పీల్ ‘గెట్ అవుట్’ (2017)లో అతిథులు నోరు విప్పితే అదే సంగతి. రెండింటిలోనూ ఒక నల్లజాతి యువకుడు పరాయి ఇంట్లో చిక్కుకుంటాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను వదలనిది మాత్రం ఆ మొదటి సినిమా మౌనమే.

పెన్సిల్వేనియా పల్లెపట్టున, సుమారు 1,14,000 డాలర్లతో, నలుపు తెలుపుల్లో తీసిన బొమ్మ అది. ఆ యువకుడు బెన్. ఆ పాత్రను నల్లవాడి కోసమని రాయలేదు. ఆడిషన్‌లో డ్వేన్ జోన్స్ అందరికన్నా బాగా చేశాడు కాబట్టి ఇచ్చామని రొమెరో చెప్పేవాడు. ఆ ముఖం తెరమీదికి రాగానే రాతలో లేని అర్థాలు వచ్చి చేరాయి. బయట లేచి నడిచే శవాలు మూగుతుంటే బెన్ కిటికీలకు చెక్కలు కొడతాడు. హ్యారీ కూపర్ అనే తెల్లాయన నేలమాళిగలో దాక్కుందామని మొండికేస్తాడు. పైకది తలుపుల గొడవే. ఈ కుర్రాడి మాట నేను వినాలా అన్న ఉక్రోషం మాత్రం కూపర్ గొంతులో నాకు వినిపిస్తూనే ఉంటుంది. (చివరికి బెన్ ప్రాణం నిలిపింది కూపర్ చెప్పిన మాళిగే. రొమెరో ఎవరినీ పూర్తిగా గెలవనివ్వడు.)

తెల్లారాక తుపాకులతో వచ్చిన గుంపు బెన్‌ను కూడా శవమనుకుని కాల్చేస్తుంది. ఆపైన కదలని ఫొటోలు: చేతుల్లో మాంసపు కొక్కేలు, ఈడ్చుకెళ్లిన దేహం, చితి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. సినిమా అక్టోబరులో వచ్చింది.

పీల్ చూపించే ఇల్లు మర్యాదస్తులది. వీలుంటే ఒబామాకు మూడోసారీ ఓటేసేవాణ్ణంటాడు, హీరో క్రిస్‌తో, అతని ప్రియురాలి తండ్రి. విందుకొచ్చిన ఒకావిడ క్రిస్ కండ పట్టి చూస్తుంది, సంతలో ఎద్దును చూసినట్టు. కాసేపటికి నిజంగానే వేలం, చప్పుడు లేకుండా, బింగో కార్డులతో. నాకు బాగా నచ్చింది కుర్చీలోంచి పీకిన దూది. తాతముత్తాతలు కొరడా కింద ఏరిన పత్తిని చెవుల్లో కుక్కుకుని, తనను వశం చేసుకునే టీకప్పులో చెంచా చప్పుడు వినపడకుండా చేసుకుని క్రిస్ బయటపడతాడు. వేలంలో కొన్నవాడి మెదడును క్రిస్ ఒంట్లోకి మార్చే సంగతంతా టీవీలో విడమరిచి చెప్పే ఘట్టం మాత్రం పాఠంలా ఉంది. అక్కడ భయం చప్పబడింది.

చివర్లో క్రిస్ నెత్తుటి చేతులతో రోడ్డు మీద ఉంటాడు. పక్కనే ప్రియురాలు, తెల్ల పిల్ల. దూరంగా పోలీసు కారులాంటి ఎరుపు, నీలం దీపాలు. చేతులెత్తేస్తాడు. అతణ్ణి జైలుకు పంపే ముగింపును కూడా పీల్ తీసి, పక్కన పెట్టాడు. విడుదలైన సినిమాలో కారు దిగేది పోలీసు కాదు, స్నేహితుడు రాడ్. ఆ కారు తలుపు మీద ‘ఎయిర్‌పోర్ట్’ అన్న అక్షరాలు కనిపించేదాకా నేను బెన్‌నే తలచుకుంటూ కూర్చున్నాను.